సమ్మెట దెబ్బ ఎక్కడికి పోతుంది?

అస్థితిస్థాపక అభిఘాతాల పాఠం వచ్చిందంటే నేను చెక్కదిమ్మలో దిగబడే తూటాను కాసేపు పక్కన పెట్టి పిల్లల్ని కొలిమి దగ్గరికి తీసుకెళ్తాను. మాటల్లోనే లెండి, కాలేజీ దగ్గర ఇప్పుడు కొలిమి ఎక్కడుంది! పుస్తకం ‘గతిజశక్తి నష్టమెంత?’ అని అడిగి ఊరుకుంటుంది. కమ్మరి బతికేది ఆ నష్టం మీదే.

సమ్మెట 5 కిలోలు, దాగలి 95 కిలోలు అనుకోండి. ఎర్రగా కాలిన కర్రు మీద పడి సమ్మెట అక్కడే అణిగిపోయిందంటే, దాని ద్రవ్యవేగం పోదు, మొత్తం 100 కిలోలకూ పంపకమవుతుంది. గతిజశక్తిలో మాత్రం కదలికగా మిగిలేది 5 శాతమే. తక్కిన 95 శాతం ఇనుమును సాగదీయడానికీ, కాస్త వేడికీ, చప్పుడుకీ పోతుంది. అదే దాగలి కూడా 5 కిలోలదైతే సగం దెబ్బ దాన్ని ఎగరేయడానికే సరి. దాగలిని మొద్దులో దిగేసి ఆ మొద్దును నేలలో పాతేది అందుకే.

ఇనుము చల్లారేకొద్దీ లెక్క మారుతుంది. దబ్బున పడే సమ్మెట ఖణేలుమని ఎగిరిపడుతుంది. మీటరు ఎత్తు నుంచి పడింది పావు మీటరు లేచిందంటే నాలుగో వంతు శక్తి వెనక్కి వచ్చేసినట్టే. మేం ప్రత్యవస్థాన గుణకం 0.5 అని రాసుకుంటాం. కమ్మరి మోత విని కర్రును మళ్లీ నిప్పుల్లోకి తోస్తాడు.

మేకు దగ్గర అంతా తిరగబడుతుంది. 490 గ్రాముల సుత్తి, 10 గ్రాముల మేకు అయితే 98 శాతం కదలికగానే ఉంటుంది. కావలసిందీ అదే, మేకు దిగాలి కానీ తల నలగకూడదు. కమ్మరికి కింద బరువుండాలి, వడ్రంగికి చేతిలో. ఈ తేడా పట్టుబడితే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

ఇక తూటా. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1742లో వెలువరించిన ఫిరంగి శాస్త్రం పుస్తకంలో, వేలాడే దిమ్మలోకి తూటా పేల్చి, దిమ్మ ఊగిన తీరును బట్టి తూటా వేగం కట్టే పద్ధతి చెప్పాడు. 10 గ్రాముల తూటా 5 కిలోల దిమ్మలో దిగబడితే కదలికగా మిగిలే శక్తి వెయ్యింట రెండు వంతులే. ఆయన పట్టుకున్నది ద్రవ్యవేగాన్ని. మా క్లాసులో ఎవడో ఒకడు శక్తి మొత్తం దిమ్మకే చేరిందనుకుని లెక్క కట్టేస్తాడు. సెకనుకు 400 మీటర్ల తూటా వాడి చేతిలో 18 మీటర్లకు దిగిపోతుంది. స్పిన్నర్ వేసే బంతే దానికన్నా జోరుగా వస్తుందిరా అంటే క్లాసంతా నవ్వుతుంది, వాడితో సహా.