శోధన, సమాధానం

మా మోతె వైపు శుక్రవారం ఉపవాస ప్రార్థన. పాటలయ్యాక ఎవరి ప్రార్థన విన్నపం వాళ్లు చెప్పుకోవాలి. ఒకామె బోరు ఎండిందంటుంది. ఇంకొకామె కొడుకు తాగుడు గురించి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. ఎవరూ తొందరపెట్టరు. భయాన్ని పదిమందిలో పేరుపెట్టి చెప్పడమే ప్రార్థనలో కష్టమైన పని. నేనైతే ఏళ్ల తరబడి "ఆరోగ్యం కోసం" అని తప్పించుకున్నాను.

భయపడితే విశ్వాసం లేనట్టని మనలో చాలామంది అనుకుంటారు. నేనొప్పుకోను. గెత్సేమనేలో యేసు కూడా చెమటోడుస్తూ ప్రార్థించాడు. ఒంగోలు కొండమీద 1854 జనవరి 1న, తెల్లవారకముందే మిషనరీలైన జ్యూయెట్ దంపతులతో కలిపి ఐదుగురు మోకరించారు. తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న మాట అప్పటికే అమెరికాలో నడుస్తోంది. వాళ్లు దిగులుతోనే కొండెక్కి ఉంటారని నాకనిపిస్తుంది.

నా భయమూ చెప్తాను. మిర్చి దెబ్బతిన్న ఏడు అప్పు మీదపడింది. అన్నతో గెట్టు పంచాయితీ కూడా అప్పుడే. ఒక రాత్రి నీళ్లు పెట్టడానికి పోయి హద్దురాయి దగ్గర నిలబడ్డాను. మూరెడు జరిపితే ఎవరికి తెలుస్తుంది? శోధన అంటే వెతకడం కూడా. ఆ రాత్రి అది నా లోపలంతా వెతికి, అప్పు భయాన్ని పట్టుకుంది. అన్న మీది కోపం దాని తర్వాతిదే.

అరణ్యంలో శోధకుడికి యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు. పొరుగువాడి హద్దురాయి జరపొద్దన్న ఆజ్ఞ ఉన్నదీ ఆ గ్రంథంలోనే. రాయి ముట్టకుండా ఇంటికొచ్చాను. కానీ నిద్ర రాలేదు. శోధన తప్పింది, సమాధానం మాత్రం రాలేదు.

మన బైబిల్లో శాంతికి వాడిన మాట సమాధానం. బయట అదే మాటకు జవాబని అర్థం. ఊళ్లో ఇద్దరు తగువు మానుకుంటే సమాధానపడ్డారంటాం. మూడూ ఒకటేనని నాకు ఆ వారమే అర్థమైంది. కళ్లు మూసుకుని ఎంతసేపు అడిగినా దొరకనిది అన్న గడపలో దొరికింది. రాత్రి రాయి దగ్గర నిలబడ్డ సంగతి దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ ఒకసారి పోయి నిలబడ్డ తమ్మీ" అన్నాడు.

బలిపీఠం దగ్గర కానుక వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడమన్నది యేసు చెప్పిన వరుస. వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు పోయేవాళ్లు, దయచేసి మీ అన్న ఇంటి మీదుగా పోండి.