పియానో ఎంచి ఇచ్చే పనితనం

వాయిద్యాల దుకాణాల్లో డిజిటల్ పియానోలు చూపించేవాళ్లలో కొందరి పనితనం చూస్తే గౌరవం కలుగుతుంది. పియానో పరీక్షల్లో మూడో గ్రేడో నాలుగో గ్రేడో దాటిన అమ్మాయిని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వస్తారు. ఎన్ని వందల టోన్లు, ఎన్ని రిథమ్‌లు అని అడుగుతారు. నిపుణుడు ఆ జాబితా జోలికి పోడు. ముందు అమ్మాయిని కూర్చోబెట్టి వచ్చిన పాఠం వాయించమంటాడు. అతని చూపంతా ఆమె వేళ్ల మీదే.

ఈ దశలో అసలు సంగతి కీల బరువు. మామూలు పియానోలో మంద్రస్థాయి కీలు బరువుగా, తారస్థాయివి తేలికగా ఉంటాయి. 88 కీలకూ ఆ తేడా ఉన్నదాని మీదే వేళ్లు సరిగ్గా తయారవుతాయి. ఒకే కీని గబగబా కొట్టిస్తాడు. కీకి మూడు సెన్సర్లుంటే అది పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ పలుకుతుంది. పెడల్ సగమే తొక్కించి, స్వరం మెల్లగా ఆగుతోందో లేదో వినమంటాడు. పాలిఫనీ, అంటే ఒకేసారి పలకగల స్వరాల సంఖ్య, 128కి తగ్గొద్దంటాడు. 64 అయితే పెడల్ తొక్కి ఉంచినప్పుడు వెనకటి స్వరాలు తెగిపోవచ్చు. ఊగని స్టాండు సరేసరి.

అన్నిటికన్నా నాకు నచ్చేది, ఖరీదైన మోడల్ ఇప్పుడే అక్కర్లేదని చెప్పగల అతని నిజాయితీ. అలాంటి మనిషి దొరికితే, సలహా అక్కడ విని ఆన్‌లైన్‌లో కొనకండి. పియానో అతని దగ్గరే తీసుకోండి.