కన్నవారు కన్నది – నాయకుల చరిత్రలలో తలిదండ్రుల స్థానము

మహాపురుషుల జీవితచరిత్రలను చదువు అలవాటు గలవారికి ఒక విషయము తప్పక గోచరించును. ప్రథమాధ్యాయమున తల్లియు తండ్రియు నుందురు. తండ్రి నీతిపరుడు, తల్లి భక్తురాలు. వారు పస్తులుండి బిడ్డను చదివింతురు. రెండవ అధ్యాయమున బిడ్డ పట్టణమునకు పోవును. మూడవ అధ్యాయమున దేశసేవలో ప్రవేశించును. అటుపిమ్మట తలిదండ్రులు గ్రంథమునుండియే మాయమగుదురు. మరల వారి పేరు కనబడునది వారి మరణవార్తలోనే. ఆ నడుమ అనేక సంవత్సరములు వారు జీవించియే యున్నారనియు, కుమారుని పేరు పత్రికలలో చదివియో చదివించుకొనియో యున్నారనియు, ఆ పేరువలన వారికి కొంత సుఖమును కొంత కష్టమును కలిగినదనియు గ్రంథకర్తకు జ్ఞాపకము రాదు.

బిడ్డ దేశనాయకుడగుటను కన్నులార చూచు భాగ్యము అందరికిని లభించునది కాదు. గాంధీమహాత్ముని తండ్రి 1885లోను, తల్లి పుత్లీబాయి 1891లోను గతించిరి. తల్లి పోయిన వార్తను, కుమారుడు ఇంగ్లండునుండి తిరిగి వచ్చువరకు అన్నగారు తెలియనీయలేదు. ఆ దంపతులకు మోహనదాసు మాత్రమే తెలియును, మహాత్ముడు తెలియడు. అట్టివారిని ప్రథమాధ్యాయముతో విడిచిపెట్టుట గ్రంథకర్త తప్పు కాదు. చూచినవారి సంగతి వేరు. బిడ్డ తమ చేతులలోనుండి జారి లోకము చేతులలోనికి పోవుటను వారు ప్రతిదినమును చూచిరి. ఆ చూపును చిత్రించిన గ్రంథమే సమగ్రమైన చరిత్ర యని మా యభిప్రాయము. ఈ కొలబద్దతో కొన్ని గ్రంథములను, కొన్ని కథలను పరీక్షింపబూనుచున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఆయుష్కాలమంతయు కచేరీలో దస్త్రములు వ్రాసినవారము. అయినను కాగితముమీద ఏది వ్రాయబడినది, ఏది వ్రాయబడలేదు అని చూచుట మా వృత్తిలో నలవడిన గుణము.

మొదట మన తెలుగు గ్రంథమునే గైకొందము. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ను మనవారు వారి సాహసములకొఱకు చదువుచుందురు. మేము దానిని మెచ్చునది వారి మాతృదేవి సుబ్బమ్మగారి కొఱకు. ప్రకాశంగారి చిన్నతనముననే తండ్రి గతింపగా, ఆ తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి సంసారము నీదెను. పదిమందికి వండి వడ్డించి జీవించుట ఆ కాలమున గౌరవముగ నెంచబడిన వృత్తి కాదు. మదరాసు రాష్ట్రమునకు 1946లోను, ఆంధ్రరాష్ట్రమునకు 1953లోను ముఖ్యమంత్రియైన మహనీయుడు ఆ సంగతిని దాచుకొనలేదు. దానిపై మెరుగు పూయనులేదు. తల్లి కష్టమును ‘త్యాగము’ అను ఒక్క మాటతో సరిపెట్టక, అది ఏ పనియో, ఏ యూరిలోనో చెప్పుట మంచి రచనకు మొదటి లక్షణము. వంటయింటి పొగ కానరాని త్యాగమును మేము నమ్మజాలము.

అయితే బిడ్డ పెద్దవాడైన పిదప కూడ తండ్రిని సజీవుడైన మనుష్యునిగా నిలిపిన గ్రంథము కావలెనన్నచో, జవాహర్‌లాల్ నెహ్రూగారి ఆత్మకథయే మాకు తోచుచున్నది. 1934 జూన్ మొదలు 1935 ఫిబ్రవరి వరకు కారాగృహమున వ్రాయబడి, 1936లో వెలువడిన యీ గ్రంథమున మోతీలాల్ పండితుడు ఆదినుండి తన మరణము వరకు ప్రతి మలుపునను ఎదురగుచునే యుండును.

అతడు మొదట కనబడుట భయంకరుడుగా కనబడును. తండ్రిగారి బల్లమీద రెండు కలములుండగా, ఒకేసారి రెండింటితో పని లేదుగదా యని బాలుడు ఒకదానిని తీసికొనెను. వెదకులాట జరిగెను, కలము దొరకెను, బాలునికి దెబ్బలు తగిలెను. మఱియొకనాడు తండ్రి ఎఱ్ఱని ద్రాక్షసారాయమును సేవించుట చూచి, నాన్న నెత్తురు త్రాగుచున్నాడని బాలుడు తల్లియొద్దకు పరుగెత్తెను. ఇట్టి సంగతులను పూజ్యభావముతో వ్రాయువారు సాధారణముగా కొట్టివేయుదురు. నెహ్రూగారు ఉంచిరి. కావుననే తరువాత వచ్చు ప్రేమను మనము నమ్ముచున్నాము.

1919లో రౌలటు శాసనమునకు ప్రతిగా సత్యాగ్రహసభ యేర్పడినపుడు కుమారుడు దానిలో చేరి చెఱసాలకు పోవుటకు సిద్ధపడెను. తండ్రి న్యాయవాది, శాసనమును ధిక్కరించుట ఆయనకు రుచింపలేదు. ఇంట వాదములు జరిగెను. ఆ దినములలో రాత్రివేళ తండ్రి కటికనేలపై పరుండి చూచుచుండెననియు, చెఱలో తన కుమారుని కెట్లుండునో తెలిసికొనుటకే అట్లు చేసెననియు నెహ్రూగారికి పిమ్మట తెలియవచ్చెను. గ్రంథమంతటిలో మాకు మరువరాని ఘట్టమిది. అలహాబాదులో రాజభోగములనుభవించిన ఆ వకీలు, కుమారునితో వాదించుచునే, కుమారుని పడకను తన వీపుతో కొలిచి చూచుకొనెను. ఒప్పుకొనలేదు, ఓర్వలేకపోయెను. ఒక్క సంగతిని వ్రాసి, దానికి వ్యాఖ్యానము పెంచక గ్రంథకర్త ముందునకు సాగిపోయెను. అది ఆయన నేర్పు.

అటుపై వచ్చు విభేదములను కూడ ఆయన దాచలేదు. 1928లో తండ్రి అధ్యక్షతన సిద్ధమైన నివేదిక అధినివేశ స్వాతంత్ర్యమును కోరగా, కుమారుడు సంపూర్ణ స్వాతంత్ర్యమే కావలెనని ఎదురు నిలిచెను. ఆ యేటి డిసెంబరులో కలకత్తా కాంగ్రెసునకు తండ్రి అధ్యక్షుడు. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసునకు కుమారుడు అధ్యక్షుడు. తండ్రి దిగిన పీఠమును కుమారుడెక్కెను. మరియొక గ్రంథకర్తయైనచో ఇచ్చట పుష్పవృష్టి కురిపించి యుండును. నెహ్రూగారు తన యెన్నిక జరిగిన తీరు తనకు చిన్నతనముగ తోచినదని వ్రాసిరి. 1931 ఫిబ్రవరి 6వ తేదీన మోతీలాల్ పండితుడు లక్నోలో కన్నుమూసెను. తండ్రి స్థితి విషమించియుండగా, పదునొకండు దినముల ముందు కుమారుని చెఱనుండి విడుదల చేసిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటను గాని, కుమారుడు ప్రధానమంత్రి యగుటను గాని ఆ తండ్రి చూడలేదు. చూచినది లాహోరు పీఠమును, చెఱసాలయును.

ఇంత మెచ్చిన గ్రంథమునందును మాకొక కొఱత కనబడుచున్నది. తండ్రికి లభించిన స్థలములో తల్లి స్వరూపరాణిగారికి లభించినది స్వల్పము. బాల్యమున ఆమెకు తాను భయపడలేదనియు, ఆమెతో మనసు విప్పి చెప్పుకొనెడివాడననియు కుమారుడు వ్రాసిరి. పిమ్మట ఆమె చాలకాలము మనకు సరిగా వినబడదు. 1932 ఏప్రిలులో మాత్రము ఒక్కసారిగా వెలుగులోనికి వచ్చును. అలహాబాదు వీథిలో ఊరేగింపున నడచుచున్న ఆ వృద్ధురాలిపై, ఆరోగ్యము చాలని ఆమెపై, పోలీసువారి బెత్తపు దెబ్బలు పడెను. తలకు గాయమై ఆమె పడిపోయెను. మరణించినదన్న పుకారు ఊరిలో వ్యాపించెను. చెఱలోనున్న కుమారుని చూడవచ్చినపుడు తలకు కట్టు ఇంకను ఉండెను. ఆమె ముఖమున మాత్రము సంతోషమును గర్వమును తాండవించినవట. ఆ గర్వము కుమారుని చూచి కలిగినది కాదు. తన దెబ్బలనుగూర్చి తనకు కలిగినది. నాయకుని తల్లి తానే దేశసేవకురాలైన యా క్షణమును గ్రంథకర్త గుర్తించెను గాని, అచ్చటికి ఆమె యెట్లు చేరెనో, ఇంటి నాలుగు గోడలనుండి వీథిలోనికి వచ్చుటకు ఆమె మనస్సెంత పెనగులాడెనో తగినంతగా చెప్పలేదు. ఈ గ్రంథము వెలువడునాటికి ఆమె జీవించియే యుండెను; 1938లో గతించెను. అడిగి వ్రాయుటకు అవకాశము లేకపోలేదు. తండ్రితో వాదించినాడు గావున తండ్రి మాటలు కుమారునికి జ్ఞాపకము. తల్లితో వాదము లేదు గావున ఆమె మాటలు నిలువలేదు. ఇది నెహ్రూగారి కొఱత మాత్రమే కాదు. మనలో అనేకుల కొఱత.

ఇక గ్రంథము లేక కథలు మాత్రమే మిగిలిన తల్లిని చూతము. ఈ తమిళదేశమున తరతరములుగా కాపురముండు తెలుగువారమగు మనకు కామరాజు నాడారుగారి పేరు ఇంటిపేరు వంటిది. ఆయన బాల్యముననే తండ్రి గతించెను. తల్లి శివకామి అమ్మాళ్ విరుదునగరములోని చిన్న యింట నివసించెను. 1954 ఏప్రిలు మొదలు 1963 అక్టోబరు వరకు కుమారుడు ముఖ్యమంత్రిగా నుండెను. 1964లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యెను. ఆమె అదంతయు చూచెను. చూచినదియు ఆ చిన్న యింటనుండియే. కుమారుడు ఆమెను మదరాసులోని తన బసకు తరలించలేదు. ఆ యిల్లు నేడు స్మారకమందిరముగా నున్నది.

తల్లికి నెలకింత యని కొద్ది పైకము మాత్రమే పంపెననియు, అంతకు మించి యడిగినను ఈయలేదనియు, ఇంటికి ప్రత్యేకముగ వేసిన నీటికొళాయిని తీయించివేసెననియు కథలు ప్రచారమున నున్నవి. సభలలోను, బాలుర పుస్తకములలోను ఇవి మరల మరల చెప్పబడుచుండును. కామరాజుగారి నిజాయితీని శంకింపవలెనని మా యుద్దేశము కాదు. అట్టి నిజాయితీ నేడు దుర్లభము. మేము ప్రశ్నించునది కథ చెప్పు తీరును. ఈ కథలన్నిటిలోను తల్లి చేయు పని యొక్కటియే: కుమారుని నిప్పువంటి గుణమును నిరూపించుటకై ఏదో ఒకటి అడుగుట, అది లభింపకపోవుట. కొళాయి పోయిన మఱునాడు నీళ్ళ బిందె ఎవరెత్తిరని కథకుడు అడుగడు. ఇంటికి వచ్చిపోవు జనమునకు ఆమె యేమి పెట్టెనో, బ్రహ్మచారియైన కుమారుడు సంవత్సరములకొలది చెఱలో నుండగా ఆ వృద్ధాప్యమును ఎట్లు గడపెనో అడుగడు. త్యాగము చేసినవాడు కుమారుడని మనము చప్పట్లు కొట్టుచున్నాము. ఆ త్యాగములో సగపాలు, అడుగకుండనే, తల్లి ఖాతాలో వ్రాయబడినది. కచేరీ లెక్కలలో అట్టి పద్దునకు సంజాయిషీ అడుగుదురు. జీవితచరిత్రలో అడుగువారు లేరు.

ఆ కామరాజుగారు కాంగ్రెసు అధ్యక్షులుగా నుండగా 1964 జూన్‌లో ప్రధానమంత్రియైన లాల్ బహదూర్ శాస్త్రిగారి తల్లి రామదులారీ దేవి కథ ఇంకను కఠినమైనది. పసితనముననే తండ్రిని కోల్పోయిన బిడ్డను పుట్టినింట పెంచిన ఆ తల్లి, అతడు దేశమున కధినేత యగుటను చూచెను. 1966 జనవరి 11వ తేదీన అతడు తాష్కెంటులో మరణించిన పిదప, ఆ శవమును కూడ చూచెను. ‘బిడ్డ వృద్ధిని చూచిన పుణ్యాత్మురాలు’ అని తొందరపడి వ్రాయువారు ఈ రెండవ చూపును కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. దీర్ఘాయువు వరమని మన పెద్దలు దీవించిరి. దాని వెల యెంతయో ఇట్టి తల్లులకు తెలియును.

తల్లియే కలము పట్టినచో ఎట్లుండునను ప్రశ్నకు మన దేశమున తగిన గ్రంథము మాకు కంటబడలేదు. అమెరికా దేశమున ఒకటి గలదు. అధ్యక్షుడైన జాన్ కెన్నెడీ తల్లి రోజ్ కెన్నెడీ ‘టైమ్స్ టు రిమెంబర్’ అను పేర 1974లో తన స్మృతులను ప్రకటించెను. అప్పటికామెకు 80 ఏండ్లు దాటినవి. ఆమెకు తొమ్మండ్రు సంతానము. ఎవరికి ఏ జబ్బు ఎప్పుడు చేసినది, ఎవరికి టీకాలు వేయించినది మొదలగు వివరములను ఆమె అట్టకార్డులమీద వ్రాసి పెట్టెలో వరుసగా నుంచెడిది. ఈ సంగతి చదివినపుడు మా గుమాస్తా హృదయము పొంగినదని చెప్పుటకు సిగ్గుపడము. 1944లో పెద్దకుమారుడు యుద్ధమునను, 1948లో ఒక కుమార్తె విమానప్రమాదమునను పోయిరి. 1961లో జాన్ అధ్యక్షుడయ్యెను. 1963 నవంబరులో హతుడయ్యెను. 1968లో రాబర్టు హతుడయ్యెను. తండ్రి జోసెఫ్ 1961 చివరనే పక్షవాతముచే వాక్కు కోల్పోయి, 1969 వరకు ఇదంతయు మౌనముగనే చూచెను.

గ్రంథముగా దానియందు లోపములు గలవు. ధనికులైన ఆ కుటుంబము లోకమునకు ఎట్లు కనబడవలెనను జాగ్రత్త పుటపుటను కానవచ్చును. కష్టములను దైవభక్తియు నిత్యకృత్యమును కప్పివేయును. అయినను ఆ కార్డులపెట్టె వంటి వివరమును చరిత్రకారుడెవడును తనంతట వ్రాయడు. రాజ్యములేలిన బిడ్డను టీకాల తేదీతో జ్ఞాపకముంచుకొనువారు తల్లి తప్ప మరి యెవ్వరు? ఆ యొక్క విషయమున ఈ గ్రంథము పెద్ద పెద్ద చరిత్రలను మించినది.

ఈ పరీక్షవలన తేలిన సారము మా సంచికలకును వర్తించును. మన సంఘములు వెలువరించు ప్రత్యేక సంచికలలో ప్రముఖుల జీవితసంగ్రహములు తప్పక నుండును. ‘పుణ్యదంపతులకు జన్మించిరి’ అను వాక్యముతో అవి ప్రారంభమగును. అనేక సంగ్రహములలో తండ్రి పేరుండును. తల్లి పేరైన నుండదు. ఇంటిబయట తమిళమో, కన్నడమో, ఒరియాయో మాటలాడుచు పెరిగిన మన బిడ్డలకు తెలుగును నిలిపినది ఎవరు? బడి కాదు, సభ కాదు. వంటయింట తల్లి పలికిన పలుకు. ఆ పలుకు వ్రాయబడకపోయినచో పోవునది ఒక వృద్ధురాలి జ్ఞాపకము మాత్రమే కాదు, మన యింటి భాష కూడ.

కావున సంపాదకులకును, వ్యాసకర్తలకును మా విన్నపము. మనలో పెద్దపదవినొందిన వారినిగూర్చి వ్రాయునపుడు, వారి తలిదండ్రులు జీవించియున్నచో ముందుగ వారియొద్దకే పొండు. బిడ్డ గొప్పతనమునుగూర్చి అడుగవలదు. అది వారు కంఠస్థము చేసినట్లు చెప్పుదురు. బిడ్డ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయినది, వచ్చినపుడు ఏమి తినును, జనము మూగిన దినమున ఎవరు వండిరి, వారు పత్రికలో బిడ్డ బొమ్మను మొదట చూచిన దినమున ఏమి చేయుచుండిరి అని అడుగుడు. వారు చెప్పిన మాటను వారి మాటలోనే, ఈ నాటి యాసలోనే వ్రాయుడు. పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చుడు. అట్లు వ్రాసిన పుట యొకటి రెండు వచ్చు సంచికలో నున్నచో, దానిని మేము మొదట చదివెదము.