వాము వాసన వేసిన మట్టి

పోయిన యాసంగిలో మా పెరటి టమాట మొక్క ఒకటి మిట్టమధ్యాహ్నం తల వాల్చింది. ఆకు పచ్చగానే ఉంది, పాదులో తడి ఉంది. సాయంత్రానికి కాస్త తేరుకుంది, మూడో రోజు ఇక లేవలేదు. పక్క చేను అవ్వ వచ్చి చూసి "నిన్న మంచిగనే ఉండె గద బిడ్డా" అంది. మొదలు దగ్గర కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీశాను. కొద్ది నిమిషాల్లోనే కోసిన చోటునుంచి పాలలాంటి సన్నటి దారం కిందికి జారింది. నీళ్లు పైకి మోసే నాళాలను పూడ్చేసే రాల్‌స్టోనియా బాక్టీరియా అది. ఎండు తెగులు అంటాం.

మందుల దుకాణంలో బాక్టీరియా తెగులు అనగానే చేతిలో పెట్టేది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి. క్షయకు మనిషికి ఇచ్చే స్ట్రెప్టోమైసిన్‌ను ఆకుల మీద చల్లడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. పంటల్లో ఈ రెంటినీ ఆపాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. సరే, ఆపితే మరేం వాడాలి? ఆ వెతుకులాటే నన్ను వాము డబ్బా దాకా తెచ్చింది.

వాముకు ఆ ఘాటు ఇచ్చేది థైమాల్. బాక్టీరియా పైపొరలో కొవ్వు ఉంటుంది. థైమాల్ అందులోకి దూరి పొరను వదులు చేస్తుంది, లోపలి సారమంతా కారిపోతుంది. 2003లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ఎండు తెగులు మట్టిలో థైమాల్, నిమ్మగడ్డి నూనె, పామరోజా నూనె విడివిడిగా కలిపి చూశారు. ఏడు రోజుల తర్వాత మట్టిలో ఆ బాక్టీరియా జాడే దొరకలేదు. టీ ట్రీ నూనె మాత్రం ఏమీ చేయలేకపోయింది. వాసన ఉన్న నూనెలన్నీ ఒకటి కావన్నమాట.

అది చదివిన ఉత్సాహంలో ఎకరానికి లెక్క కట్టాను. వాళ్ల మోతాదు లీటరు మట్టికి 700 మిల్లీగ్రాములు. అరడుగు లోతుకే ఎకరం మట్టి ఆరు లక్షల లీటర్లు దాటుతుంది, థైమాల్ 400 కిలోలకు పైనే కావాలి. ఏ రైతు కొనగలడు? అదే పది లీటర్ల కుండీకైతే ఏడు గ్రాములు చాలు. ఈ నూనెల చోటు చేను కాదు, కుండీ, నారుమడి అని నాకు అప్పుడు తెలిసింది. చేనుకైతే మొక్కజొన్నతో పంట మార్పిడి, నీళ్లు నిలవని కాలువలు, తెగులును తట్టుకునే అర్క రక్షక్ లాంటి రకం, ఇవే దిక్కు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2021లో తామర పురుగు మహబూబాబాద్, భూపాలపల్లి మిర్చి చేలను ఊడ్చేసింది. అలా దెబ్బతిన్న రైతు ఏ సీసా చూపినా నమ్ముతాడు. లోపల ఏ నూనె ఉందో, ఎంత ఉందో రాయని "హెర్బల్" సీసాకు వందల రూపాయలు పెట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మా జనగామ జిల్లాలోనే ఏనెబావి ఉంది. రసాయన మందులు వదిలేసి వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం చేతులతో చేసుకున్న ఊరు. వాటిని పురుగుల కోసమే వాడారు. కానీ నలిపిన వెల్లుల్లి ఘాటుకు బాక్టీరియాను అణిచే గుణం కూడా ఉంది. ఆ ఘాటు నిలవ ఉండదు, నూరిన రోజే వాడాలి.

నూనెలదీ అదే స్వభావం, గాలి తగిలితే ఎగిరిపోతాయి. ఒకసారి నిమ్మగడ్డి నూనెను సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో కలిపి ఎండపూట చల్లాను. నూనె పైకి తేలి చుక్కలుగా పడింది, పడిన చోటల్లా ఆకు మాడింది. తెగులు కంటే ఎక్కువ నష్టం నేనే చేశాను.

ఈ వారం ఆరు కుండీల మట్టి తడిపాను. మూడింటిలో థైమాల్ కలిపి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టాను, మూడింటిని ఊరికే వదిలాను. అవ్వ దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చి "ఏం కారప్పూస చేస్తున్నవా?" అని అడిగింది. ఏడో రోజున కవరు విప్పి, వాసన పోయేదాకా ఆరబెట్టి, ఆరింటిలోనూ నారు పెడతాను.