'లే' అంటే పడుకుంది!

మా ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి మాట 'లే'. మొన్న సెలవులకి వచ్చిన మా అక్క కూతుర్ని అలాగే లేపబోతే, దుప్పటి ముసుగులోంచే, "ఇంగ్లీషులో లే అంటే పడుకోబెట్టడం పిన్నీ!" అంది. బి.ఎ. ఇంగ్లీషు చదువుతోంది మరి!

నవ్వి ఊరుకున్నాను గాని, కాఫీ దగ్గర మళ్ళీ అదే మొదలుపెట్టింది. అమెరికా రచయిత విలియం ఫాక్‌నర్ 1930లో ప్రచురించిన 'యాజ్ ఐ లే డయింగ్' నవల చదువుతోందిట. "ఎవర్ని పడుకోబెట్టిందో చెప్పడేం? అంత గొప్పవాడు పుస్తకం పేరులోనే తప్పు రాశాడా?" అని దాని సందేహం.

తప్పు కాదు. తనంతట తాను పడుకోవడం 'లై'. ఇంకొకర్ని పడుకోబెట్టడం, ఏదైనా ఒకచోట పెట్టడం 'లే'. చిక్కంతా భూతకాలంలో ఉంది. నిన్నటి సంగతి అయ్యేసరికి 'లై' కాస్తా 'లే' అయి కూర్చుంటుంది. అసలు 'లే' ఏమో 'లెయిడ్' అవుతుంది. తోడికోడళ్ళు ఒకరి చీర ఒకరు కట్టుకుని పెరట్లో తిరుగుతుంటే వెనకనుంచి పోల్చుకోలేం చూడండి, అలాగన్న మాట! మనకా బాధ లేదు. పాప పడుకుంది, పాపని పడుకోబెట్టాను. 'పెట్టు' చేరిందంటే చేసేవాళ్ళొకరు, చేయించుకునేవాళ్ళొకరు. కోడి గుడ్డు పెట్టినా మనకి 'పెట్టు'నే, వాళ్ళకి 'లే'నే.

ఫాక్‌నర్ పేరులో ఉన్నది 'లై'కి భూతకాలం. 'నేను ప్రాణం పోతూ పడుకుని ఉండగా' అని అర్థం. ఈ మాట గ్రీకు కవి హోమర్ 'ఒడిస్సీ'లోంచి వచ్చింది. అక్కడ భార్యా, ఆమె ప్రియుడూ కలిసి చంపిన అగమెమ్నన్ ప్రేతాత్మ పెళ్ళాం మీద చెప్పుకునే ఫిర్యాదు అది. ఆ మగవాడి మాటని తీసుకుని ఫాక్‌నర్ ఒక బీద రైతు భార్యకిచ్చాడు. ఆమె పేరు ఆడీ.

ఆడీ మంచం మీద ఉంటుంది. కిటికీ బయట పెద్దకొడుకు ఆవిడ శవపేటికకి చెక్కలు కోస్తూ ఉంటాడు. ఆ రంపం చప్పుడు వింటూ ఆవిడ ప్రాణం విడుస్తుంది. ఆ తరువాత అన్నీ ఇతరులు చేసేవే. పెళ్ళినాటి గౌను నలగకూడదని పేటికలో తలవైపు కాళ్ళూ, కాళ్ళవైపు తలా పెట్టి పడుకోబెడతారు. తన వాళ్ళ పక్కనే పూడ్చమన్న కోరిక తీర్చడానికి బండి కట్టి, వరదలో ఏరు దాటించి, రోజుల తరబడి మోసుకుపోతారు. చివరికి భర్తగారు కట్టుడు పళ్ళతో, కొత్త పెళ్ళాంతో తేలతాడు!

59 అధ్యాయాలు, కథ చెప్పేవాళ్ళు 15 మంది. ఆడీకి దక్కింది ఒక్క అధ్యాయం, అదీ చచ్చిపోయాక. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. రెండోసారి చదివితే తెలిసింది, అన్యాయం రచయితది కాదు, ఆ ఇంటిది అని. ఆ ఒక్క అధ్యాయంలోనూ ఆవిడ, మాటలు వట్టి డొల్లలు, ప్రేమ అన్న మాట కూడా అంతే అంటుంది. పొరుగింటి కోరాని, ఆవిడ భక్తిని మరీ వెక్కిరించాడని నాకిప్పటికీ కోపమే. కాని పేరు పెట్టడంలో మాత్రం అతనికి దణ్ణం పెట్టాలి. పుస్తకమంతా ఆవిడని పెట్టడం, ఎత్తడం, దించడం. ఆవిడ తనంతట తాను చేసిన పని ఒక్కటే మిగిలింది, పడుకోవడం. అది పేరులో ఉంది.

మా అమ్మకి పక్షవాతం వచ్చాక రాత్రుళ్ళు నేనే పక్క సర్ది పడుకోబెట్టేదాన్ని. నన్ను పడుకోబెట్టిన మనిషి! అంతకు ముందు ఎన్ని రాత్రులో, అందరి పక్కలూ వేసి, దీపాలార్పి, చివరికి తాను పడుకునేది. తనంతట తాను పడుకున్న ఆఖరి రాత్రి ఏదో నాకు గుర్తులేదు. ఎవరం గమనించాం కనక?

ఇదంతా విని మా పిల్ల కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నేను వంటిల్లు కడుగుతుంటే వచ్చి చీపురు లాక్కుంది.

"నువ్వెళ్ళి పడుకో పిన్నీ" అంది.