చవక లెన్సు, ఎర్ర రొయ్య

అక్వేరియంలో పెరిగే చెర్రీ రొయ్య రెండున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాని కడుపు కింది గుడ్లు విడివిడిగా కనబడేలా ఫొటో తీయడానికి ఖరీదైన కొత్త మాక్రో లెన్సు కొనడంలో గొప్పేమీ లేదు. సెకండ్‌హ్యాండ్ కొట్లలో వెతికి నికాన్ 55 ఎంఎం మైక్రో నిక్కర్ లాంటి పాత మాన్యువల్ లెన్సు పట్టుకొచ్చేవాళ్లంటేనే నాకు గౌరవం.

వాళ్లు ముందు చూసేది అపర్చర్ రేకులు. ఈ లెన్సు ఎఫ్2.8 రకంలో పాత గ్రీజు నూనెలా జారి రేకులకు అంటుకుంటుంది. అవి బద్ధకంగా కదిలితే బేరం మానేస్తారు. ముందు అద్దం మీద సన్నటి గీతను మాత్రం పట్టించుకోరు, ఫొటోలో అది దాదాపు తెలియదు. ఆటోఫోకస్ లేదన్న దిగులూ లేదు. ఇంత దగ్గర్లో కెమెరానే ముందుకీ వెనక్కీ జరుపుకోవడం నయం.

ఈ లెన్సు సెన్సరు మీద వేసే బొమ్మ అసలు సైజులో సగం. నికాన్ ఏపీఎస్-సీ కెమెరాలో ఫ్రేము వెడల్పు 47 మిల్లీమీటర్లు, రొయ్య అందులో సగం నింపేస్తుంది. చాలామందికి అది చాలు. చాలనివాళ్లు లోపల అద్దమే లేని 27.5 మిల్లీమీటర్ల గొట్టం తగిలిస్తే అసలు సైజే వస్తుంది. కాకపోతే లెన్సు తొట్టికి మరీ దగ్గరవుతుంది. వెనక మొక్కల్లో దూరిన రొయ్యకు 90 లేదా 100 ఎంఎం కావాల్సిందే.

ఏ లెన్సయినా తొట్టి గాజుకు సూటిగా ఎదురుగా పెట్టాలి. ఏటవాలుగా పెడితే బొమ్మ చెదురుతుంది. రబ్బరు హుడ్ గాజుకు ఆనిస్తే గదిలో దీపాల ప్రతిబింబాలు పడవు. ఫ్లాష్ పైనుంచి.