వెన్న కౌలుకు, మజ్జిగ కంచానికి

1845కు ముందటి ఐర్లండ్ పల్లెల్లో పేదల తిండి గురించి చదివినప్పుడల్లా నా చూపు మజ్జిగ దగ్గరే ఆగిపోతుంది. బంగాళాదుంపల సంగతి అందరూ చెబుతారు. కష్టం చేసే మగవాడు రోజుకు అయిదారు కిలోలు తినేవాడు. ఆ దుంపలకు తోడు మజ్జిగ. మరి వెన్నేమైంది? ఉప్పు కలిపి పీపాలకెత్తి కార్క్ నగరం సంతకు పంపేవారు. ఆ డబ్బు భూస్వామికి కౌలు. ఓట్స్ పండినా అంతే. పెరట్లో పంది కూడా చితికిన దుంపలు తిని బలిసి, కౌలు గడువుకు అమ్ముడయ్యేది.

ఇంట్లో మిగిలినదాన్ని వాళ్లు వండుకున్న తీరు నాకు ఎంతో ఇష్టం. బురదనేలల్లో కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలే పొయ్యిలోకి. మూడుకాళ్ల ఇనప కుండలో దుంపలు తొక్కతోనే ఉడికించి, నీళ్లు వార్చి, తట్టలో పోసి, ఆ తట్టను కుండ మీదే పెట్టి చుట్టూ కూర్చునేవారు. తొక్క తీయడానికి బొటనవేలి గోరు పెంచుకునేవారు. కొన్నిచోట్ల దుంప నడుమ కాస్త గట్టిగా ఉండగానే దించేసేవారు. అది నిదానంగా అరుగుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. పొలంలో పొద్దంతా వంగి పనిచేసేవాడి కడుపు ఎరిగిన వంట అది. ఉప్పుచేప దొరికిన రోజు నంజుకునేవారు, లేనిరోజు ఉప్పునీళ్లలో అద్దుకునేవారు. దుంపా మజ్జిగా కలిస్తే ఒంటికి కావలసినవి దాదాపు అన్నీ అందుతాయి. ఇది పేదరికానికి కితాబు కాదు, ఆ ఇల్లాళ్ల నేర్పుకు ఇవ్వాల్సిన గౌరవం.

వేసవిలో మాత్రం ఏ నేర్పూ ఆదుకునేది కాదు. పాత దుంపలు మొలకెత్తి పాడయ్యేవి, కొత్తవి ఇంకా ఊరేవి కావు. ఓట్‌పిండి అప్పు తేవాలి. తీరంవాళ్లు రాళ్లకంటుకున్న నత్తలూ సముద్రపు నాచూ ఏరుకునేవారు. అప్పు పుట్టని కొందరు ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని ఊళ్ల మీద బిచ్చానికి వెళ్లేవారు.

పేదనేలలోనూ విరగకాసే లంపర్ అనే దుంప రకాన్నే ఎక్కువమంది నమ్ముకున్నారు. 1845లో వచ్చిన తెగులు మరుసటి ఏడు దాదాపు పంటంతా కుళ్లబెట్టింది. ఆ కరువు ఏళ్లలో సుమారు పదిలక్షల మంది చనిపోయారు. వాళ్లను చంపింది తెగులొక్కటే అంటే నేను ఒప్పుకోను. ఆ ఏళ్లలోనూ ఐర్లండ్ రేవుల నుంచి వెన్న పీపాలూ ఓట్సూ ఇంగ్లండ్‌కు ఎగుమతి అవుతూనే ఉన్నాయి.